శుక్రవారం రాత్రి ముట్టుకోను

పోటీ శనివారం పొద్దున. శుక్రవారం రాత్రి నేను తుపాకుల జోలికి పోను. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పడుకుంటాను. ఈ నియమం ఒక ఫిబ్రవరి ఉదయం నాకు నేర్పిన పాఠం. ఆ సంగతికి వచ్చేముందు ఈ ఆట గురించి కొంచెం చెప్పాలి.

మా వయసు వాళ్లకు కౌబాయ్ అంటే 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’. విడుదలైన చాలా ఏళ్లకు, మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని చూశాను. ఉద్యోగం కోసం ఆరిజోనా వచ్చాక, ఫీనిక్స్‌కు ఉత్తరాన ఉన్న బెన్ ఏవరీ రేంజ్‌లో కౌబాయ్ యాక్షన్ షూటింగ్ జరుగుతుంటే మధ్యాహ్నందాకా ఎండలో నిలబడిపోయాను. 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నియమాలతో ఆడే ఆట ఇది. పంతొమ్మిదో శతాబ్దపు బట్టలు వేసుకోవాలి, మనకంటూ ఒక మారుపేరు పెట్టుకోవాలి. మనిషికి నాలుగు తుపాకులు: రెండు రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిలు, ఒక షాట్‌గన్. అన్నీ ఆ కాలపు తీరువే. కోల్ట్ రివాల్వరూ వించెస్టర్ రైఫిలూ రెండూ 1873 నాటి నమూనాలు. మా చేతుల్లో ఉండేవి ఎక్కువగా ఇటలీలో తయారైన నకళ్లు. గురి ఉక్కు పలకలే. ఒక్కో దఫాలో మామూలుగా రివాల్వర్లతో పది, రైఫిలుతో పది, షాట్‌గన్‌తో నాలుగో అంతకన్నా ఎక్కువో కాల్చాలి. ఎంతసేపు పట్టిందో గడియారం చెబుతుంది. తప్పిన ప్రతి గురికీ 5 సెకన్లు కలుపుతారు.

నాకు పని నేర్పిన పెద్దాయన జీవితమంతా లేత్ మెషీన్ మీద పనిచేసిన మనిషి. మొదటిరోజు నా చేతికి తుపాకీ ఇవ్వలేదు. కళ్లు మూసుకోమని, ఖాళీ రివాల్వర్ హామర్‌ని నా చెవి దగ్గర నెమ్మదిగా వెనక్కి లాగాడు. నాలుగు చప్పుళ్లు. ఒక్కో చప్పుడూ లోపల ఒక్కో భాగం తన చోటికి వచ్చిందని చెప్పే కబురు. మూడోది సిలిండర్‌ని కదలకుండా పట్టుకునే బోల్ట్‌ది. అది నీరసంగా వినిపిస్తే లోపలున్న రెండు కొమ్ముల పలచటి స్ప్రింగు మీద అనుమానపడాలి. ఈ రకం రివాల్వర్లలో తరచుగా విరిగేది అదే. దాని ఖరీదు తక్కువే, కానీ అది విరిగితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. అందుకే ఒకటి ఎప్పుడూ నా డబ్బాలో ఉంటుంది. ఇప్పటికీ నా తనిఖీ చెవితోనే మొదలవుతుంది, తర్వాతే కన్ను.

పని గరాజ్‌లోనే, వంటింట్లో కాదు. మేం వాడేవి సీసపు గుండ్లు. మసిలో సీసం ఉంటుంది కాబట్టి చేతికి తొడుగులు, అయ్యాక సబ్బుతో చేతులు కడగడం, ఇంట్లో పిల్లలు తిరిగేచోట ఆ గుడ్డలు కనబడకుండా చూడటం తప్పనిసరి. తూటాలు వేరే గదిలో, తాళం లోపల. బల్ల ముందు కూర్చోగానే ప్రతి తుపాకీనీ ఖాళీయేనా అని ఒకసారి కంటితో, ఒకసారి చిటికెన వేలితో చూస్తాను. పొద్దున చూసిందే అయినా సరే, మళ్లీ చూస్తాను.

ఆ తర్వాత మరలు. కాల్చిన ప్రతిసారీ తగిలే కుదుపుకి స్క్రూలు వెంట్రుకవాసి చొప్పున వదులవుతూ ఉంటాయి. గాడికి సరిగ్గా సరిపోయే మొన ఉన్న స్క్రూడ్రైవర్ లేకపోతే ముట్టుకోకపోవడమే మంచిది. జారిన ప్రతిసారీ గాడి అంచు చెడుతుంది, ఆ మచ్చ తుపాకీ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నూనె విషయంలో నేను పిసినారిని. ఇది ఎడారి. ఎక్కువైన నూనె దుమ్ముని పట్టుకుంటుంది, దుమ్మూ నూనే కలిస్తే ఇనుముని అరగదీసే ముద్ద తయారవుతుంది. సూది మొన మీద నిలిచే చుక్క చాలు.

రైఫిలు దగ్గర నా శ్రద్ధ తుపాకీ మీద కన్నా తూటా మీద ఎక్కువ. 1873 వించెస్టర్‌లో తూటాను పైకి తెచ్చే ఇత్తడి దిమ్మ లిఫ్టులా నిటారుగా లేస్తుంది. తూటా పొడవు దానికి సరిపోవాలి. పొడవైతే దిమ్మ లేవదు. పొట్టిదైతే వరసలో తర్వాత ఉన్న తూటా అడుగు దిమ్మలోకి దూరి దాన్ని బిగదీస్తుంది. నా తూటాలు నేనే నింపుకుంటాను కనుక పోటీకి పెట్టే ప్రతిదాన్నీ కొలత దిమ్మలో వేసి చూస్తాను, నిప్పు రాజేసే ప్రైమర్ అంచుకన్నా పైకి లేచిందేమోనని అడుగున వేలితో తడుముతాను. పైకి లేచిన ప్రైమర్ రివాల్వర్ సిలిండర్‌ని తిరగనివ్వదు. ఇది విసుగు పనే. టీవీ పెట్టుకుని చేయొచ్చు కదా అని ఇంట్లో అంటారు. చేయను.

నాకు ప్రాణమైన పని మాత్రం నల్ల తుపాకీ మందుది. ఆటలో ఒక విభాగంలో పొగ రాని ఆధునిక మందు వాడకూడదు. పాతకాలపు నల్ల తుపాకీ మందో దాన్ని పోలినదో వాడాలి. సురేకారం, బొగ్గు, గంధకం, సుమారు 75, 15, 10 పాళ్లలో. ఆ సురేకారం ఒకప్పుడు బీహార్ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఐరోపాకు వెళ్లేది. పేలగానే తెల్లటి పొగ గురిని కప్పేస్తుంది, దీపావళి మర్నాటి పొద్దున వీధిలో ఉండే వాసన వస్తుంది. మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు నా చేతిలో ఏముందో ఒక క్షణం మరిచిపోయాను.

కాల్చాక గొట్టంలో మిగిలేది లవణాలతో నిండిన మసి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తుప్పు తెస్తుంది. మామూలు పెట్రోలియం నూనె దానికి మందు కాదు. రెండూ కలిస్తే తారులాంటి మడ్డి కడుతుంది. లవణం కరిగేది నీళ్లలో. కాబట్టి తుపాకీకి స్నానం చేయించాలి! ఇనుముకీ నీళ్లకీ పడదని పుట్టినప్పటినుంచీ విన్న నా చెయ్యి మొదటిరోజు వెనకాడింది. పెద్దాయన కెటిల్‌లో మరిగే నీళ్లు తెచ్చి, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, గొట్టంలో పోసి చూపించాడు. అవతలినుంచి నల్లని కషాయంలాంటి నీళ్లు, తర్వాత బూడిదరంగు, తర్వాత తేట. నీళ్లు ఎంత వేడిగా ఉంటే లోహం అంత వేడెక్కి, తనంతట తనే ఆరిపోతుంది. చువ్వకి పొడిగుడ్డ చుట్టి రెండుసార్లు లాగి, ఆ వెచ్చదనం ఉండగానే నూనె పట్టించాలి. కొబ్బరినూనె బాగుంటుందేమో అని ఒకసారి ఆశపడ్డాను గానీ, చలికాలం సీసాలో అది ఎలా గడ్డకడుతుందో తెలిసినవాణ్ని కాబట్టి మానుకున్నాను.

ఇక ఆ ఫిబ్రవరి ఉదయం. రైఫిలు హామర్‌ని నడిపే పెద్ద స్ప్రింగు గట్టిగా ఉందనిపించింది. మెత్తటిది వేస్తే లీవర్ వేగంగా ఆడుతుంది, ఆటలో చాలామంది చేసేదే. శుక్రవారం రాత్రి పదకొండింటికి మార్చాను. ఖాళీ రైఫిలుతో యాభైసార్లు ఆడించాను. వెన్నలా ఉంది. సంతోషంగా పడుకున్నాను. మర్నాడు రెండో దఫాలో మూడో తూటాకి టక్‌మని చప్పుడు వచ్చింది, అంతే. లీవర్ లాగితే పేలని తూటా ఇసుకలో పడింది. ఏడోదీ అంతే. చలికి లోపలి గ్రీజు చిక్కబడింది, స్ప్రింగులో దాన్ని దాటుకుని కొట్టే బలం లేదు. రెండు గురులకి 10 సెకన్లు పోయాయి. అంతకన్నా పెద్ద నష్టం, మిగతా రోజంతా నా చేయి నా రైఫిలుని నమ్మలేదు. ప్రతి లాగుకీ తటపటాయించాను.

పెద్దాయన ఇసుకలోంచి ఆ తూటా ఏరి, అడుగున ప్రైమర్ మీద పడిన లోతులేని గుంటని గోటితో తడిమి చూపించాడు. “నీ తుపాకీకి ఏ జబ్బూ లేదు. నిన్నటిదాకా నీకు తెలిసిన తుపాకీ ఇది కాదు, అంతే,” అన్నాడు.

అప్పటినుంచి ఏ మార్పయినా పోటీకి రెండు వారాల ముందే. మార్చాక రేంజ్‌కి వెళ్లి నూరు అసలు తూటాలు కాల్చి చూడాలి, అందులో కొన్ని పొద్దున్నే చలిలో. గురువారానికి మరలు, చప్పుళ్లు, తూటాల లెక్క అయిపోవాలి. శుక్రవారం కళ్లద్దాలు, చెవి బిరడాలు, మంచినీళ్లు, టోపీ సర్దుకుంటానంతే. దసరాకి మాత్రం అందరిలాగే పనిముట్లకు పూజ చేస్తాను. కుంకుమ పొడి లోపలికి పోకూడదని బొట్టు పెట్టెకే పెడతాను.

పోటీ రోజున బల్ల దగ్గర, పక్కన నిలబడ్డ మనిషి చూస్తుండగా, ఆరు గదుల రివాల్వర్‌లో ఐదే నింపుతాం. హామర్ కింద గది ఖాళీగా ఉండాలి. పాత నమూనాలో హామర్ మొన నేరుగా ప్రైమర్‌ని ఆనుకుని ఉంటుంది. తుపాకీ జారి రాతి మీద పడితే పేలడానికి అది చాలు. కాల్చడం ముగిశాక ఇంకో బల్ల దగ్గర, ఇంకో మనిషికి, అన్నీ ఖాళీ అని చూపించాలి. ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లు కూడా నిన్న చేరినవాడికి తలవంచి చూపిస్తారు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చే దృశ్యం అదే.

నిన్నటి పోటీ నుంచి ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఐదయింది. ఒళ్లంతా గంధకం వాసన. “ఏమండీ, అన్నం తిని చేసుకోవచ్చుగా,” అంది మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి. తేమ ఆగదు. గరాజ్‌లో కెటిల్ ఆన్ చేసి, తొడుగులు వేసుకున్నాను.