120 గ్రాముల పొట్లం

2021లో నేనొక కథ రాశాను. పత్తి రైతు, షావుకారు, బీటీ విత్తనం, చివరి పేరాలో పురుగుల మందు డబ్బా. బాగానే పేరొచ్చింది. చదివిన రాత్రి నిద్ర పట్టలేదని ఒకాయన ఫోన్ చేసి చెప్పాడు. మా బాపు కూడా చదివాడు. చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "మందు డబ్బా ఉన్నది, షావుకారి ఉన్నడు. పురుగేదిరా దీంట్ల?" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. వరంగల్ జిల్లాలో ముప్పై ఏళ్లు పత్తి పెట్టిన మనిషి అడిగిన మాటకి అలా నవ్వి ఊరుకోవడం ఎంత తెలివితక్కువ పనో, ఈమధ్య 'బిటర్ సీడ్స్' మళ్లీ చూసినప్పుడు తెలిసింది.

మీకా పెలెడ్ తీసిన డాక్యుమెంటరీ అది, 2011లో వచ్చింది. విదర్భలో తెలుంగ్ టాక్లి అనే ఊరు, ఒక పంట కాలం. (ఆ పేరులో నాకు తెలుగు వినపడటం నా చెవి చేసే మాయ కావచ్చు. యవత్మాల్ జిల్లాకీ మన ఆదిలాబాద్‌కీ నడుమ పెన్‌గంగే అడ్డం.) ఒక రైతు వడ్డీకి అప్పు తెచ్చి బీటీ పత్తి పెడతాడు. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురు. అదే ఊళ్లో, తండ్రి ఆత్మహత్య చేసుకున్న ఒక అమ్మాయి విలేకరి కావాలనుకుంటుంది. కాలేజీలో ఉండగా మొదటిసారి చూసి ఏడ్చాను. తన ఇంట్లో జరిగినదాన్నే వార్తగా రాయడం నేర్చుకుంటున్న ఆ పిల్లని చూస్తే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. నా కథకి ఎముకలు ఆ సినిమా నుంచే వచ్చాయని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఈసారి నన్ను ఆపింది పిండినల్లి. రైతు చేనుకి పిండినల్లి పడుతుంది. సినిమాకి అది అతని మీద పడ్డ ఇంకో దెబ్బ, అంతే. కానీ బీటీ పత్తిలో పెట్టిన బాక్టీరియా జన్యువు చేసే పనల్లా కాయ తొలిచే పురుగుల కడుపులో విషమవడమే. పిండినల్లి కాయని తొలవదు, రసం పీలుస్తుంది. బీటీ దాన్ని తాకను కూడా తాకదు. బీటీ వల్లే పిండినల్లి వచ్చిందని నేననడం లేదు, అది వేరే ఖండం నుంచి వచ్చిపడ్డ పురుగు. నేననేది, ఒక శత్రువు మీదికి మాత్రమే పనికొచ్చే కత్తిని సర్వరోగ నివారిణిలా అమ్మిన సంగతి మొత్తం ఆ తెల్లటి పిండిలో ఉంది. కెమెరా దాని దాకా వెళ్లింది. సినిమా మాత్రం తిరిగి షావుకారి దగ్గరికి వచ్చేసింది.

మనవాళ్ల చేతిలోనూ జరిగింది ఇదే. విత్తనం విషం, కంపెనీ రాక్షసి, రైతు అమాయకుడు. కథ నడవడానికి ఇంత తేలికైన బండి ఇంకోటి లేదు. చిక్కేమిటంటే తేదీలు ఒప్పుకోవు. వరంగల్‌లో పత్తి రైతులు వందల్లో చనిపోయింది 1997-98లో. బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. ఆ తొలి చావుల వెనక అప్పుంది, నకిలీ మందులున్నాయి, ఎన్ని మందులు కొట్టినా చావని లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ఉన్నాయి. అసలు బీటీని జనం ఎగబడి కొన్నది ఆ పురుగుల భయంతోనే. ఈ వరస తారుమారు చేస్తే కన్నీళ్లు వస్తాయేమో గానీ ఏం జరిగిందో తెలియదు. బీటీ ఆకులు మేసి గొర్రెలు చనిపోయాయన్న మాట కూడా మా వైపు 2006 ప్రాంతంలో గట్టిగా వినపడింది. గొర్రెలు చనిపోయాయి. కారణం బీటీయేనని తేలలేదు. మనం మాత్రం తేలిపోయినట్టే రాసుకున్నాం. పర్యావరణం గురించిన మన భయాలన్నీ ఇలా ఒక్కరాత్రిలో చంపే విషం చుట్టూ తిరిగాయి. నిజంగా వచ్చిన ముప్పు పదేళ్లు తీసుకుని, చప్పుడు లేకుండా వచ్చింది.

దాని కథ పొట్లంతో మొదలవుతుంది.

మా ఇంటికి బీటీ వచ్చినప్పుడు నాకు పదేళ్లు. 450 గ్రాముల ప్యాకెట్, దాంతో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం. పొట్లంలో ఉన్నది మామూలు పత్తి. చేనులో ఐదో వంతు గానీ, చుట్టూ ఐదు వరసలు గానీ, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత అది పెట్టాలని రూలు. "పురుగుకు దావత్ ఇయ్యాల్నట," అని నవ్వాడు బాపు. "ఆడికి చాలకనా నేను ఎవుసం చేసేది?" ఆ పొట్లం నా చేతికిచ్చాడు. నేనూ మా చెల్లీ బావిగడ్డ మీద కూర్చుని గింజలు విసురుకుని ఆడుకున్నాం. ఊళ్లో అందరిళ్లలోనూ ఇదే ఆట.

ఆ దావత్ ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు. లక్షల పురుగుల్లో ఎక్కడో కొన్ని బీటీ తిన్నా బతుకుతాయి. చేనంతా బీటీయే అయితే మిగిలేవి అవే, జతకట్టేదీ వాటిలో అవే. పక్కన మామూలు పత్తి ఉంటే, అక్కడ పెరిగిన బలహీనమైన పురుగులు వీటితో కలుస్తాయి, ఆ పిల్లల్లో ఎక్కువ మంది మళ్లీ బీటీకి చస్తారు. అంటే మనల్ని కాపాడేది చచ్చిపోయే పురుగు కాదు, చావగలిగిన పురుగు. దాన్ని బతికించుకోవాలి. ఇంత వింత ఆలోచనని రైతుకి చెప్పే భారం ఒక పొట్లం మీద అచ్చేసిన చిన్న అక్షరాలకి వదిలేశారు.

గులాబీ పురుగుకైతే పత్తే లోకం, వేరే పంట మీద పెద్దగా బతకదు. పైగా మనవి హైబ్రిడ్లు. చాలావాటి కాయల్లో బీటీ గింజా, బీటీ కాని గింజా పక్కపక్కనే ఉంటాయి. ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం తింటూ పురుగు కసరత్తు చేసినట్టు రాటుతేలింది. ఏప్రిల్ దాకా చేను పీకకుండా ఉంచితే దానికి ఎండాకాలం కూడా భోజనమే. గుజరాత్‌లో తొలి రకం బీటీ పని చేయడం లేదని 2010కల్లా కంపెనీయే ఒప్పుకుంది. రెండు జన్యువుల బీజీ-2ని 2006లో తెచ్చారు, పదేళ్లు తిరక్కుండా దాన్నీ దాటేసింది. 2017లో మా చేలల్లో విచ్చుకోని గుడ్డి పూలు. కాయ పగలగొడితే లోపల గులాబీ రంగు. అమెరికాలో ఇదే పురుగుని రెఫ్యూజ్ పంటలు, గొడ్డు రెక్కల పురుగులు, ఇంకా నాలుగైదు పద్ధతులు కలిపి 2018 నాటికి పత్తి చేలనుంచి తుడిచిపెట్టారు. బీటీ అక్కడా ఉంది. కాబట్టి విత్తనాన్ని రాక్షసిని చేసే కథ ఇక్కడ కూలిపోతుంది, విత్తనం ఒక్కటే చాలన్న కంపెనీ కథా కూలిపోతుంది.

ఈ విషయం మీద నేను చదివినవాటిలో నవల లాంటి లోతున్నది గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త 2007లో 'కరెంట్ ఆంత్రోపాలజీ'లో అచ్చేసిన వ్యాసం. చోటు మా వరంగల్లే. రైతు ఏ విత్తనం కొంటాడు, ఎందుకు కొంటాడు అని ఏళ్ల తరబడి ఊళ్లల్లో అడిగి చూశాడు. తన చేనుని చూసి నేర్చుకుని కాదు, పక్కవాడు కొన్నాడని కొంటున్నారన్నాడు. ఒక ఏడు ఒక ఊరంతా ఒకే పేరు, మరుసటేడు ఆ పేరే ఉండదు. పేర్లు మారే వేగంలో చేను నేర్పే పాఠానికి టైమ్ లేదు. దాన్ని నైపుణ్యం కోల్పోవడం అన్నాడు. చదువుతుంటే కోపమొచ్చింది, మా బాపుకి పత్తి తెలియదంటాడా అని. రెండోసారి చదివాక కోపం వేరే చోటికి మళ్లింది.

దీనికంటే ముందే జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, తామే రైతులైన దళిత మహిళలు, కెమెరా పట్టుకుని వరంగల్ వచ్చి బీటీ తొలి పంటని సినిమా తీశారు. వరంగల్ రైతులకి బీటీ మీద కోపమెందుకు అన్నదే దాని పేరు. దానిలో లెక్కంతా పెట్టుబడి, దిగుబడి. పురుగు ఎదురు తిరిగే కథ అప్పటికి మొదలు కాలేదు, కాబట్టి ఆ తప్పు వాళ్లది కాదు. రైతుని రైతు అడగడం మాత్రం పెలెడ్‌కి గానీ నాకు గానీ చేతకాని పని. మళ్లీ పదిహేనేళ్ల తర్వాత ఆ కెమెరా అదే ఊళ్లకి వచ్చి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మా వైపు గడ్డిమందు పత్తి. అనుమతి లేదు, లూజుగా దొరుకుతుంది, కొందరు బీజీ-3 అంటారు. గ్లైఫోసేట్ కొడితే గడ్డి చస్తుంది, పత్తి నిలుస్తుంది. కలుపు తీసే ఆడవాళ్ల కూలి పోయింది. మందుకి చావని గడ్డి ఎక్కడో ఒక గట్టు మీద మొదలయ్యే ఉంటుంది. దాని మీద కథ ఎవరు రాస్తారో చూడాలి. అందులోనూ ఎవరో ఒకరు చివరి పేరాలో డబ్బా పట్టుకుంటారేమోనని నా భయం.

నా కథని తిరగరాద్దామని పోయిన దసరాకి ఇంటికెళ్లాను. ఆ పొట్లం గింజలు ఏమయ్యాయో గుర్తుందా అని బాపుని అడిగాను.

"బావిగడ్డకు నాలుగు చెట్లు మొలిచినయి గద," అన్నాడు. "మీరు ఇసిరినయే. మంచిగ పూసినయి. ఊళ్లె పురుగంత వాటిమీదనే ఉండె."

"మరి?"

"పీకేసిన."