కట్టుబట్ట: కంట్రోలు కాలంలో చాందా ప్రాంతపు స్త్రీల చీర

కూడు, గుడ్డ, గూడు అని మనం వరుసగా చెప్పుకుంటాం. కరువును గురించిన సాహిత్యచర్చ మాత్రం తరచుగా కూటి దగ్గరే ఆగిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బియ్యంతోపాటు బట్ట కూడా కరువైంది. 1943 జూన్‌లో వచ్చిన నూలుబట్టల నియంత్రణ ఉత్తర్వుతో మిల్లుబట్టకు గరిష్ఠ ధర కట్టి, ఆ ధరను బట్టమీదే ముద్రవేయించారు. నూలు కూడా దాని కిందికే రావడంతో మగ్గం నమ్ముకున్నవారికీ ఇబ్బంది తప్పలేదు. 1948 జనవరిలో నియంత్రణ ఎత్తివేస్తే ధరలు మండిపోయి, ఆ ఏడాదిలోనే మళ్ళీ విధించవలసి వచ్చింది. పెద్దవాళ్ళు ‘కంట్రోలు రోజులు’ అనేది ఈ కాలాన్నే.

బట్ట కరువు అనగానే మాకు మొదట గుర్తుకు వచ్చేది మాణిక్ బందోపాధ్యాయ బెంగాలీ కథ ‘దుఃశాసనీయ’. కట్టుకోను గుడ్డ లేక పగలు గడప దాటలేని ఆడవాళ్ళు, చివరకు నీటిలో ప్రాణం వదిలే రాబేయా, ఆ పేరులోనే వినిపించే ద్రౌపది కథ: ఇవన్నీ కలిసి దానిని మరపురాని కథగా చేశాయి. దాని గొప్పతనాన్ని మేము శంకించడం లేదు. అయితే ఆ కథ చూపే దారిలోనే నడిస్తే బట్ట కరువు కేవలం మానానికి సంబంధించిన విషయమైపోతుంది. ఉంటే మానం, లేకపోతే మరణం. ఈ రెంటికీ నడుమ చిరుగుల చీరతోనే ఏళ్ళు నెట్టుకొచ్చిన స్త్రీలు విమర్శకుడి కంటికి ఆనరు. చాందా వైపు మనకు కనిపించేది ముఖ్యంగా వీరే.

నాటి చాందా జిల్లా అంటే నేటి చంద్రపూర్, గడ్చిరోలీ జిల్లాలు కలిసినది. తెలుగు మాట్లాడే సిరొంచ 1982 దాకా ఇందులోనే ఉండేది. వార్ధా నది దాటితే నిజాం రాజ్యం. నేడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోది. బల్లార్షా మీదుగా కాజీపేటకు రైలుమార్గం పడ్డాక రాకపోకలు పెరిగాయి. బొగ్గుగనులకూ తరువాత కాగితపు మిల్లుకూ పనికోసం వచ్చినవాళ్ళను గురించి ‘కట్టుబట్టలతో వచ్చారు’ అంటుంటారు. ఆ మాటను మనం అలంకారంగా వింటాం. వచ్చినవాళ్ళకు అది ఆస్తిపాస్తుల లెక్క.

ఇక్కడి శ్రామిక స్త్రీల కట్టు గోచికట్టు. మరాఠీవారు కాష్టా అంటారు. దీనికి పొడుగు చీర కావాలి; మరాఠీవారి లుగడె తొమ్మిది గజాలు, మన లెక్కలో పద్దెనిమిది మూరలు. గోచి పోయి ఆరు గజాల చీర, కుచ్చిళ్ళు రావడాన్ని నాగరికత అని కొందరు, బట్ట కరువు వల్ల అని మరికొందరు వివరిస్తుంటారు. రెండవ వివరణ ఆర్థికకారణం చెబుతున్నది కనుక మనకు సులభంగా నచ్చుతుంది. కాని లెక్క వేసి చూడండి. గోచికట్టుకు లోపావడా అక్కరలేదు. ఆరు గజాల చీరకు కావాలి. పన్నెండు మూరల చీరకు లోపావడా గుడ్డ రమారమి అయిదు మూరలు కలిపితే పదిహేడు. మిగిలింది ఒక్క మూర! కాబట్టి పొట్టి చీర వల్ల బట్ట ఆదా అయింది లోపావడా లేకుండా కట్టిన స్త్రీకే. రవిక సంగతి సరేసరి. చీర పొడవు కొలిచి కరువును అంచనా వేయబోతే పేదరాలూ కలిగినామె ఒకే లెక్కలో పడిపోతారు.

పైగా గోచి ఒక పనిముట్టు. గనుల లోపల స్త్రీలు పనిచేయరాదన్న నిషేధం 1937 నాటికి పూర్తిగా అమలులోకి వచ్చింది. యుద్ధానికి బొగ్గు చాలక 1943లో దానిని సడలించారు, సెంట్రల్ ప్రావిన్సెస్ గనుల్లో కూడా. 1946లో మళ్ళీ బిగించారు. అంటే బట్టమీద ధర ముద్ర పడిన ఏడాదే స్త్రీ మళ్ళీ గనిలోకి దిగింది. బొగ్గు తట్ట ఎత్తే మనిషికి కాళ్ళకు అడ్డంపడే కుచ్చిళ్ళు పనికిరావు. బట్టను త్వరగా పిగిల్చే పనీ, ఎక్కువ బట్ట కోరే కట్టూ, బట్ట దొరకని కాలమూ ఒకేచోట కలిశాయి. ‘సంప్రదాయ వేషధారణ’ అనే శీర్షిక కింద గోచిని వర్ణించే వ్యాసాలలో ఈ బొగ్గుమసి ఎక్కడా అంటదు. మాకున్న ఫిర్యాదు అదే.

మరి ఆ చీర ఎలా నిలిచింది? గోచి చీర ముందుగా చిరిగేది నడుమభాగం. కూర్చున్నచోటా, కాళ్ళ సందునా. అంచూ చెంగూ గట్టిగానే ఉంటాయి. చిరిగిన నడుమను కోసి తీసేసి, రెండు కొసలను కలిపి కుట్టేవారు. మరాఠీలో ఈ అతుకును దండ్ అంటారు. ఒక్కోసారి రెండు పాతచీరల కొసలు కలిపితే ఒక చీర అయ్యేది, రంగులు కలవకపోయినా సరే. ఆ అతుకు నడుముచుట్టూ మడతల్లో దాగేలా కట్టుకోవడం ఒక నేర్పు. పైట మీదికి ఏ భాగం రావాలో, మాసిక ఎక్కడ పడితే కనబడదో ముందే ఆలోచించి కోసేవారు. దీనిని మేము శైలి అనే అంటాము. శైలి అంటే కలిగినవారి ఎంపిక మాత్రమే అనుకునేవారికి ఈ మాట మింగుడుపడకపోవచ్చు.

ఇలా ఆలోచిస్తే మనం దాచుకున్న పాతచీరలను కూడా అనుమానించవలసి వస్తుంది. పెట్టెలోనో ప్రదర్శనశాలలోనో నిలిచేది పెళ్ళినాటి చీర, జరీ అంచు, చెక్కుచెదరని చెంగు. పనిలో అరిగిన నడుమముక్క అక్కడికి చేరదు. బల్లార్షాలో ఒక ఇంట మేము చూసిన పాత బొంతలో పైపొర మాత్రమే ఈమధ్య చీర. కుట్టు విడిన మూల నుంచి లోపలి పొరలు కనిపించాయి: ముతక నూలు, మాసిక మీద మాసిక, ఎక్కడా అంచు లేదు.