పడుగు ఇక్కడ, పేక ప్రపంచమంతా

చింతాద్రిపేట అనగానే తెలుగు చెవికి చింతచెట్లూ, వాటి వెనక ఓ కొండా తోస్తాయి. చెన్నైలో ఆ పేటకి వెళ్తే కొండ కనపడదు. కూవం నది వంపులో ఇరుకు వీధులు, చేపల మార్కెట్టు, స్తంభాల మీద రైలుదారి, ఆదికేశవ పెరుమాళ్, ఆదిపురీశ్వరుల జంట గుళ్ళు కనపడతాయి. ఆ పేరు మొదట ‘చిన్న తరి పేట్టై’. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న మగ్గాల పేట అన్నమాట. నోటినోటా అరిగి అరిగి ‘చిన్న తరి’ కాస్తా ‘చింతాద్రి’ అయింది.

ప్రపంచ సంస్కృతుల అధ్యయనం అంటే దూరదేశపు విశ్వవిద్యాలయాల్లో లావుపాటి పుస్తకాల మధ్య జరిగే పని అనుకుంటాం. నాకు మాత్రం అది ఇలాంటి అరిగిన పేరు దగ్గర మొదలవుతుందనిపిస్తుంది. ఒక వస్తువు ఎవరి చేతిలో పుట్టింది, దాన్ని ఏ మాటతో పిలిచారు, ఎవరి ఒంటి మీదికి చేరి ఏమైంది? ఈ మూడూ కలిపి చదవడమే ఆ విద్య. దానికి మన కోరమాండల్ తీరపు గుడ్డకన్నా మంచి పాఠ్యగ్రంథం లేదు.

1734లో మద్రాసు గవర్నరు జార్జ్ మార్టన్ పిట్ ఈ పేటను కట్టించాడు. అంతకుముందు ఇది ఈస్టిండియా కంపెనీ ప్రధాన వర్తకుడిగా ఉండిన సుంకు రామ తోట. బయటి ఊళ్ళ నుంచి గుడ్డ తెప్పించుకునే బదులు నేతవాళ్ళనే మద్రాసు కోట దగ్గరికి తెచ్చుకోవాలన్నది కంపెనీ ఆలోచన. మగ్గం వేసుకోవడానికి చెట్ల నీడ ఉంది, ఉతకడానికి పక్కనే నది ఉంది. నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, గుడ్డ మీద బొమ్మలు వేసేవాళ్ళు, రంగులద్దేవాళ్ళు, ఉతికేవాళ్ళు, గుడి కొలువు చేసేవాళ్ళు మాత్రమే అక్కడ ఉండాలని నియమం పెట్టారు. ఒక గుడ్డ పుట్టుకకి ఎన్ని చేతులు కావాలో ఆ జాబితాయే చెబుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, దక్షిణాన పుదుచ్చేరిలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి బొమ్మలు వేసే పనివాళ్ళ పక్కన కూర్చున్నాడు. పని ఒక్కో దశ దాటినప్పుడల్లా ఒక గుడ్డముక్క నమూనాగా తీసుకుని, అప్పటిదాకా ఏం జరిగిందో రాసుకున్నాడు. ఆ రాతప్రతి ప్యారిస్‌లోని ప్రకృతిశాస్త్ర మ్యూజియం చేరింది. వస్తువును పూర్తయ్యాక మెచ్చుకోవడం సులువు. తయారవుతుండగా దశలవారీగా చూడటం అసలు చదువు.

ఆయన చూసిన పనికి దగ్గరి చుట్టమే శ్రీకాళహస్తిలో ఇప్పటికీ ‘వ్రాతపని’ అని పిలుచుకునే కలంకారీ. ముందు గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి తడిపి ఆరబెడతారు. కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకి పాకనివ్వదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీత గీస్తారు. కలం అంటే మొన తీరిన వెదురుపుల్ల. దానికి చుట్టిన ఉన్ని రంగును పీల్చుకుని ఉంటుంది. వేలితో నొక్కినకొద్దీ మొన దగ్గరికి దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీసిన ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలితే నల్లగీత పడుతుంది.

ఎరుపు దగ్గర ఉంది అసలు రహస్యం. కలంతో రాసేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. గుడ్డ మీద అది దాదాపు కంటికి ఆనదు. ఆ గుడ్డను చిరివేరు వేసి కాచిన నీళ్ళలో ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలిచిపోతుంది. తక్కిన చోట పట్టిన మరకను ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ తడిపి పోగొడతారు. నీలం కావాలంటే నీలం అక్కర్లేని చోటల్లా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచుతారు. అంటే చిత్రకారుడు ఇంకా కనపడని రంగును మనసులో చూస్తూ కలం నడపాలి. ఇన్ని ఉతుకులకి, ఇంత ఎండకి ఓర్చుకున్న రంగు కాబట్టే అది యూరప్‌ను ఆశ్చర్యపరిచింది. అంత గాఢంగా ఉండి, ఉతికినా పోని రంగు నూలుగుడ్డ మీద నిలపడం అప్పటికి వాళ్ళకి చేతకాలేదు.

అందుకే ఈ చదువు వెనక ఆశ కూడా ఉంది. దేశంలోని నేతపరిశ్రమను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా ఈ గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్టల వాడకం మీదే చట్టం చేసింది. నిషేధిస్తూనే, ఆ పని తామెలా నేర్చుకోవాలా అని వెతికారు. 1742లో కూర్దూ అనే జెస్యూట్ ఫాదిరీ ఈ అద్దకపు పద్ధతిని వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చినవాడూ, సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో ఉన్న చుట్టరికాన్ని 1767లోనే గుర్తించినవాడూ ఆయనే. మాటలనూ రంగులనూ ఒకే శ్రద్ధతో విన్న మనిషి. ఆ శ్రద్ధకి నేను తలవంచుతాను. కానీ ఆయనకు చెప్పిన పనివాళ్ళ పేర్లు మనదాకా రాలేదు. వాళ్ళ విద్య సముద్రం దాటింది, పేర్లు దాటలేదు. ఈ లోటు గుర్తుపెట్టుకోకుండా ఎవరూ ఈ రంగంలోకి రాకూడదు.

తర్వాతి తరాల పరిశోధకులు గుడ్డను చదవడానికి ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. ముందు గుడ్డను తిరగేస్తారు. వెనకవైపు కంపెనీ ముద్ర ఉందేమో, అంచు ఎలా నేశారో, అంగుళానికి ఎన్ని పోగులో, పోగు ఏ వైపు పురి తిరిగిందో చూస్తారు. ఆ తర్వాత పాత వర్తకపు ఉత్తరాలతో పోలుస్తారు. జాన్ ఇర్విన్, కేథరిన్ బ్రెట్ 1970లో తెచ్చిన ‘ఆరిజిన్స్ ఆఫ్ చింట్జ్’ (చింట్జ్ అంటే ఈ అద్దకపు గుడ్డకి ఇంగ్లీషు పేరు) ఇలాంటి చదువుకి పునాది. అచ్చంగా మనదే అనుకునే పూలచెట్టు నమూనా గురించి ఇర్విన్ చెప్పింది ఆలోచింపజేస్తుంది. 1643లో కంపెనీ పెద్దలు లండన్ నుంచి రాస్తూ, ఎరుపు నేల తగ్గించి తెల్లటి నేల మీద పూలకొమ్మలు వేయించమని కోరారు. అంటే ఆ చెట్టుకి నీళ్ళు చాలా దేశాలవాళ్ళు పోశారు. దాన్ని బతికించింది మాత్రం మన చేతులే.

గుడ్డ చేరినచోట ఏమవుతుందో చూడకపోతే చదువు సగమే. జపానులో ఈ గుడ్డలను ‘సరస’ అని పిలిచి, తేనీటి వేడుక పాత్రలకి సంచులుగా కుట్టి భద్రపరిచారు. నైజీరియాలోని నైజర్ డెల్టాలో కలబరి జాతివాళ్ళకి మద్రాసు చేతిరుమాలు అనే గళ్ళగుడ్డ ప్రాణం. దాన్ని వాళ్ళు ‘ఇంజిరి’ అంటారు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, కంపెనీ వర్తకం నడిచిన మన ఇంజరం పేరే అలా మారిందని ఒక అభిప్రాయం. కలబరి స్త్రీలు ఆ గళ్ళగుడ్డలోంచి కొన్ని పోగులను బ్లేడుతో కోసి, లాగేసి కొత్త నమూనా సృష్టిస్తారు. ‘పెలెటె బిటె’, అంటే కోసిన గుడ్డ, అని పేరు పెట్టుకున్నారు. చీరాలలోనో పొన్నేరిలోనో ఒకరు పోగులు చేర్చి నేస్తే, అక్కడ ఇంకొకరు పోగులు తీసి నేతను పూర్తి చేస్తున్నారు.

జోఆన్ ఐకర్, టోన్యే ఎరెకోసిమా ఈ కలబరి వస్త్రాలను పరిశీలించి ఒక సూత్రం చెప్పారు. పరాయి వస్తువు మనది కావాలంటే నాలుగు మెట్లు ఎక్కాలి: దాన్ని ఎంచుకోవాలి, మన పేరు పెట్టుకోవాలి, మన జీవితంలో దానికో చోటివ్వాలి, చివరికి దాని రూపమే మార్చుకోవాలి. మన వంటింట్లో మిరపకాయని, కచేరీలో వయొలిన్‌ని ఈ మెట్ల మీద నిలబెట్టి చూడండి. ఏది అచ్చంగా మనది, ఏది అరువు అన్న తగవు చాలావరకు తీరిపోతుంది.

ఈ చదువులో తెలుగువాళ్ళ వాటా చిన్నదేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ‘మాండలిక వృత్తి పదకోశం’లో మొదటి సంపుటం వ్యవసాయానిది, 1962లో వచ్చింది. 1971లో వచ్చిన రెండోది చేనేతది. ఊరూరా తిరిగి మగ్గం దగ్గర కూర్చుని పడుగు, పేక, నాడె, కండె, పన్నె లాంటి మాటలను ఏ జిల్లాలో ఎలా అంటారో సేకరించి పెట్టారు. రెండు శతాబ్దాల ముందు పరదేశీయులు మన దగ్గర రంగు గురించి అడిగారు. ఈ పదకోశం కూర్చినవాళ్ళు మాట గురించి అడిగారు. మాట పోతే పని ఎలా చెప్పుకోవాలో తెలియదు, చెప్పుకోలేని పని వారసులకి అందదు. పేర్ల లోటు కూడా నెమ్మదిగా పూడుతోంది. శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ కలం వెనక మనిషి ఎవరో ఇప్పుడు లోకానికి తెలుసు.

గుడ్డ కొనేటప్పుడు ధర తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు అడగడం నేను అలవాటు చేసుకున్నాను. దీన్ని మీరేమంటారు? ఎవరు నేశారు? ఎక్కువగా ఎవరు కొంటారు? జవాబులు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకం మొదటి పేజీలో చింతాద్రిపేట అని రాసి, దాని కింద తరి, మగ్గం అని రెండు భాషల్లోనూ అర్థం రాశాను. ఆ వీధుల్లో తప్పిపోయిన మాటను కనీసం అక్కడైనా తిరిగి నిలబెట్టాలని.