చలికాలపు పక్షి గుండె: తూకం, పనితీరు

ఉత్తర అమెరికా చలిప్రాంతాల్లో వలసపోకుండా ఏడాదంతా నివసించే నల్లటోపీ చికడీ బరువు సుమారు 11 గ్రాములు. శీతకాలంలో ఈ పిట్ట ప్రధానంగా రొమ్ము కండరాలను వణికించి వేడి పుట్టించుకుంటుంది. ఆ కండరాలకు ఆక్సిజన్ అందించే భారం గుండెదే.

డేవిడ్ స్వాన్సన్ 2010లో వెలువరించిన సమీక్ష పక్షుల జీవక్రియలో వచ్చే ఋతుపరమైన మార్పులను ఒకచోట చేర్చింది. చలిని తట్టుకొనే చిన్న పక్షులలో శీతకాలపు గరిష్ఠ ఉష్ణోత్పత్తి సామర్థ్యం పెరుగుతుందన్న నిర్ధారణకు అది బలం చేకూర్చింది. అయితే ఈ రంగంలో గుండె తూకాన్నే పనితీరుకు ప్రమాణంగా గ్రహించే ధోరణి పునఃపరిశీలించదగినది.

ఫిక్ సూత్రం ప్రకారం ఆక్సిజన్ వినియోగం మూడు అంశాల లబ్ధం: హృదయ స్పందన రేటు, ఒక్కొక్క స్పందనలో వెలువడే రక్త పరిమాణం, ధమని-సిరల రక్తాల మధ్య ఆక్సిజన్ వ్యత్యాసం. తూకం వీటిలో రెండవదానిని మాత్రమే, అదీ పరోక్షంగా, సూచించగలదు. పైగా గుండెను తూచాలంటే పక్షి ప్రాణం పోవలసిందే. కనుక ఒకే పక్షిని రెండు ఋతువులలో పోల్చడం అసాధ్యం. చిన్న గుండె గల పక్షులు చలికి మరణించినా మిగిలినవాటి సగటు పెరుగుతుంది. దానిని అనుకూలనంగా పొరబడే అవకాశం ఉంది.

గుర్తింపు కడియాలు తొడిగిన పక్షులను మళ్లీ మళ్లీ పట్టి, అల్ట్రాసౌండ్‌తో పరీక్షించినప్పుడే ఈ రెండింటినీ వేరుచేయగలం. అంతవరకు తూకంలోని పెరుగుదల ఒక సూచనే గాని నిరూపణ కాదు.