ఎవరి లెక్క? ఎవరికి లెక్క? – ఆన్‌లైన్ సాంఖ్యక పాఠం మీద ఒక విమర్శ

లెక్కలకు కులం లేదంటారు. రెండూ రెండూ నాలుగే గదా, అగ్రహారంలో కూడినా మాదిగవాడలో కూడినా అంతే గదా అని వాదిస్తారు. కూడిక వరకు ఒప్పుకుందాం. కానీ దేన్ని కూడాలి, దేన్ని వదిలెయ్యాలి, ఎవరిని ఎవరితో కలిపి సగటు తియ్యాలి అనే దగ్గరికి వచ్చేసరికి కులం వచ్చి పీట వేసుకొని కూర్చుంటుంది. డిగ్రీ కాలేజీల్లో ఆన్‌లైన్‌లో చెప్తున్న సాంఖ్యకశాస్త్రం తొలి పాఠాలను మేము ఈ కోణం నుంచే చూడదలుచుకున్నాం.

ఆన్‌లైన్ చదువు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పోరగాళ్లు కోరి తెచ్చుకున్నది కాదు. డిగ్రీ క్రెడిట్లలో 20 శాతం దాకా ఆన్‌లైన్ కోర్సులతో తెచ్చుకోవచ్చని యుజిసి 2016లో నిబంధన చేసింది. కేంద్రం 2017 జూలైలో 'స్వయం' వేదికను మొదలుపెట్టింది. 2021లో ఆ 20ని 40 చేశారు. నడుమ కరోనా వచ్చింది. 2020 సెప్టెంబరు నుంచి తెలంగాణలో చదువు టీవీలోకి, ఫోనులోకి పోయింది. పల్లె ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ అందేవి 14.9 శాతం అని 2017-18 జాతీయ శాంపిల్ సర్వేలో సర్కారే దేశం మొత్తానికి లెక్క చెప్పింది. ఆ లెక్క చేతిలో పెట్టుకొనే ఈ చదువు పెట్టారు.

సిగ్నల్ గురించి, ఇంటికొక్క ఫోను గురించి చాలామంది రాశారు. మేము అక్కడ ఆగిపోదలుచుకోలేదు. ఫోనూ ఉంది, సిగ్నలూ వచ్చింది అనుకుందాం. కొత్తగూడ తండాలో ఒక లంబాడి పిల్ల, పలిమెలలో ఒక మాదిగ పిలగాడు పాఠం తెరిచారు. ఏం కనపడుతుంది?

నాణెం కనపడుతుంది. తర్వాత పాచిక, ఆ తర్వాత 52 పేకముక్కలు. పేకాట ఊళ్లో మగవాళ్ల తీరిక వ్యవహారం, హాస్టల్లో పెరిగిన ఆడపిల్లకు ఇస్పేటు రాజు ఎట్ల తెలియాలె అన్నది చిన్న ప్రశ్న. పెద్ద ప్రశ్న వేరే ఉంది. నాణేనికి జ్ఞాపకం లేదు. పదిసార్లు బొరుసు పడ్డా పదకొండోసారి బొమ్మ పడే అవకాశం సగమే. దీన్నే స్వతంత్ర ఘటనలు అంటారు. నాణెం విషయంలో ఇది నిజమే. మన బతుకులో తాతకు భూమి లేకపోవడం, నాయిన వెట్టి చెయ్యడం, బిడ్డ ఇంటర్‌లో తప్పడం విడివిడి ఘటనలు కావు. ఒకదాని మెడకు ఒకటి కట్టి ఉన్నాయి. స్వతంత్రత అనేది ఊహ, దాన్ని పరీక్షించాలి అని పాఠం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతుంది. ఆ ఒక్క వాక్యం మీద మూడు వారాలు ఆగవలసింది.

ఇక ఉదాహరణల దత్తాంశాలు. ఈ పాఠాల్లో తరచూ వచ్చేది ఐరిస్ పూల పట్టిక. ఆ పూరేకుల కొలతలు ఆర్.ఎ. ఫిషర్ 1936లో అచ్చువేసిన పత్రిక పేరు 'ఆనల్స్ ఆఫ్ యూజెనిక్స్'. అంటే జాతిని శుద్ధి చెయ్యాలనే శాస్త్రానికి పెట్టుకున్న పత్రిక. సహసంబంధం, ప్రతిగమనం అనే భావాలను ముందుకు తెచ్చిన గాల్టన్, 1869లోనే ప్రతిభ వంశంలో వస్తుందని పుస్తకం రాసినవాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ 2020లో తన భవనాల నుంచి గాల్టన్ పేరు తీసేసింది. బోస్టన్ ఇళ్ల ధరల పట్టికలో నల్లవాళ్ల జనాభాను ఒక చరాంకంగా పెట్టినందుకు దాన్ని 2022లో ఒక ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ నుంచి తొలగించారు. అక్కడి నల్లవాళ్లు, స్త్రీలు అడిగారు కాబట్టి ఇంతైనా జరిగింది.

మరి మన దగ్గర? 1901 జనగణన కమిషనర్ రిస్లీ ముక్కు కొలిచి కులం మెట్టు చెప్పినవాడు. ముక్కు వెడల్పైన కొద్దీ కులం కిందికి పోతుందన్నాడు. ఆయన కొలతలను మహలనోబిస్ 1930లలో తిరిగి లెక్కగట్టాడు. ఇవాళ కంప్యూటర్ పాఠాల్లో చెప్పే మహలనోబిస్ దూరం, మనుషుల గుంపుల మధ్య శరీర కొలతల తేడా ఎంత అనే ప్రశ్నలోంచి పుట్టింది. మన తెలుగువాడని గర్వంగా చెప్పుకునే సి.ఆర్. రావు 1948 నాటి వర్గీకరణ వ్యాసంలో బ్రాహ్మణ, చేతివృత్తుల, కోర్వా గుంపుల ఎత్తూ ముక్కూ కొలతలే ఉదాహరణ. రావు గారు ద్వేషంతో చేశారని మేము అనడం లేదు. ఆ లెక్క ఆఖరికి రిస్లీ మాటను బలపరిచిందనీ అనడం లేదు. ఆయన పేరు చెప్పే పాఠం ఈ సంగతి ఎందుకు చెప్పదు? ఈ శాస్త్రం మన ముక్కుల మీద ఎదిగిందని మన పిల్లలకు తెలిస్తే వచ్చే నష్టమేమిటి?

భాష సంగతి కూడా ఇట్లాగే ఉంది. పాఠం ఇంగ్లీషులో వస్తుంది. కొన్నింటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి, కాదనం. తెలుగంటే ప్రామాణిక విచలనం, బాహుళకం, స్తరిత ప్రతిచయనం. ఇంగ్లీషు దొర పోయి సంస్కృత పంతులు వచ్చినట్టుంది. మన ఇళ్లల్లో 'అందాజ' అనే మాట ఉంది. కూలికి పోయే అవ్వ వరికుప్పను చూసి అందాజగా ఎన్ని బస్తాలో చెప్తది. అంచనా అంటే గదే. అన్నం ఉడికిందా అని ఒక్క మెతుకు పట్టి చూస్తది. శాంపిల్ అంటే గదే. అయితే ఒక్క మెతుకు చాలాలంటే కుండ ఒక్కటే కావాలి. మన ఊరు ఒక్క కుండ కాదు. ఊరు వేరు, వాడ వేరు. సర్వేకు వచ్చినవాడు ఊళ్లో మెతుకు పట్టి వాడ కూడా ఉడికిందని రాసుకొని పోతాడు. అందుకే ముందు విడగొట్టి, ప్రతి భాగంలోంచీ తియ్యాలని శాస్త్రం చెప్తుంది. ఇంత మంచి ముచ్చట మన పిల్లలకు బల్బుల ఫ్యాక్టరీ ఉదాహరణతో చేరుతున్నది.

సగటును చూడండి. భూపాలపల్లి గడ్డ మీద సింగరేణి బొగ్గు తవ్వుతారు, చెల్పూరులో కరెంటు తీస్తారు. ఆ విలువంతా జిల్లా ఆదాయంలో కలుస్తుంది. దాన్ని జనాభాతో భాగిస్తే తలసరి వస్తుంది. మహాముత్తారం అడవి పల్లెలో కూలి మనిషి తల మీదికి కూడా ఆ బొగ్గు వాటా కాగితం మీద వచ్చి పడుతుంది. మధ్యగతం తీస్తే ఈ మాయ కొంత పోతుంది, కులంవారీగా తీస్తే ఇంకా పోతుంది. 2016 అక్టోబరులో పుట్టిన జిల్లాలోంచి 2019 ఫిబ్రవరిలో ములుగును విడదీశారు. ఒక్క కోయ ఇల్లూ కదలకుండానే జిల్లాలో గిరిజనుల శాతం మారిపోయింది. హారం మార్చడం రాజకీయమని దీనికన్నా బాగా చెప్పే పాఠం ఉంటుందా?

ఆన్‌లైన్ పాఠం మనకు మేలే అని మన మిత్రులే కొందరు అంటున్నారు. తెర మీది సారు ఇంటిపేరు అడగడు, వెనక బెంచీకి పంపడు, అర్థం కాకపోతే పదిసార్లు వినొచ్చు అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. క్లాసులో అవమానపడ్డవాళ్లకు దాని విలువ తెలుసు. కానీ మట్టిబొమ్మ ముందు విద్య నేర్చుకున్నవాడి కథ మనకు కొత్తదా? బొమ్మ కించపరచదు, నిజమే. సందేహమూ తీర్చదు. పైగా వీడియో ఉంది గదా అని లెక్చరర్ పోస్టు ఖాళీగానే పెట్టడం సర్కార్లకు సులువు. పాఠం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం ఫీజు కట్టి పరీక్షా కేంద్రం ఉన్న పట్నం పోవాలి.

మేము ఇంతగా పట్టుబట్టడానికి కారణముంది. అంబేద్కర్ 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో విస్తీర్ణం ఒక్కటే చూసి కమతం చిన్నదో పెద్దదో చెప్పొద్దని, దాని మీద పెట్టే పెట్టుబడి, శ్రమతో కలిపి చూడాలని వాదించాడు. పట్టికను నమ్మకుండా చదవడం అంటే అది. 1994లో దండోరా మొదలైనప్పటి నుంచి వర్గీకరణ వాదమంతా లెక్కల మీదే నడిచింది. 2024 నవంబరులో తెలంగాణలో కులసర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని ప్రకటించారు. 2025 ఏప్రిల్ 14న ఎస్సీల 15 శాతాన్ని 1, 9, 5గా విడదీసిన చట్టం అమల్లోకి వచ్చింది. మొదటి గ్రూపులోని 15 కులాలు ఎస్సీ జనాభాలో సుమారు 3.3 శాతం. వాళ్లకు దక్కింది పదిహేనులో ఒకటి, అంటే 6.7 శాతం. జనాభాకు రెట్టింపు గదా అని ఒకరు, వెనకబాటుకు అది చాలదని ఇంకొకరు అంటారు. కొన్ని వందలమందే ఉన్న కులంలో ఒక్క ఇంటికి రెండు ఉద్యోగాలొస్తే ఆ కులం శాతం ఎగిరి కూర్చుంటుంది. ఆ శాతాన్ని ఎంత నమ్మాలి, ఎన్నేళ్లకు మళ్లీ చూడాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే కమిటీల్లో పట్టిక చదవగలిగినవాళ్లు కూర్చుంటారు. ఆ చదువు ఇప్పుడు జనగామ కాలేజీలో ఒక పిలగాడి ఫోనులో, పేకముక్కల దగ్గర ఆగి ఉంది.