ఏడుంపావు ఫారాలు

విజయవాడలో మా స్నేహితుడికి చిన్న ప్రింటింగ్ ప్రెస్సుంది. 2011లో వాడికి కొటేషన్లు వేసే ప్రోగ్రామ్ ఒకటి రాసిచ్చాను, పైథాన్ 2.7లో. పేజీలెన్ని, కాగితం ఏది, కాపీలెన్ని అని అడిగి, ఫారాలు లెక్కగట్టి, మొత్తం ఎంతవుతుందో ప్రింటు తీసిచ్చేది. పదేళ్లపాటు దాని లెక్క తప్పిందని వాడు ఒక్కసారి కూడా అనలేదు. ప్రోగ్రామ్ రాసేవాడికి అంతకు మించిన మెప్పు ఉండదు.

2021లో నాకే చేతులు ఊరుకోక దాన్ని పైథాన్ 3కి మార్చాను. రెండు నెలలకు హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోనొచ్చింది. "ఒరేయ్, ఇక్కడ మాస్టారొకరు ఏదో అడుగుతున్నారు, నువ్వే చెప్పు" అని వాడు ఫోను ఆయన చేతికిచ్చేశాడు. ఆయన లెటర్‌ప్రెస్ రోజుల్లో కంపోజింగ్ చేసిన మనిషి. తన కథలు తనే పుస్తకం వేసుకుందామని వచ్చారు.

"వంద పేజీల పుస్తకం, నాయనా. పదహారు పేజీలకో ఫారం. ఆరుంపావు అంటే ఒప్పుకుంటాను. మీ వీలు కోసం ఏడు వేసుకున్నా ఒప్పుకుంటాను. ఈ ఏడుంపావు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నాకు చెమటలు పట్టాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట వింటూనే తెలిసిపోయింది.

పైథాన్ 2లో వందను పదహారుతో భాగిస్తే ఆరు. రెండూ పూర్ణాంకాలైతే జవాబూ పూర్ణాంకమే, భిన్నాన్ని అక్కడే వదిలేసేది. శేషం మిగిలితే ఒకటి కలుపు అని కింది లైన్లో రాశాను. ఆరూ ఒకటీ ఏడు. పైథాన్ 3లో అదే భాగహారపు గుర్తుకు, అంటే స్లాష్‌కు, అర్థం మారింది. వందను పదహారుతో భాగిస్తే 6.25. నా కింది లైను మాత్రం పాత అలవాటు కొద్దీ ఇంకో ఒకటి కలిపింది. ఎర్రర్ లేదు, హెచ్చరికా లేదు. ప్రచురణకర్తలు పేజీలను ఫారాలకు సరిపడా సర్దుకునే వస్తారు కాబట్టి 96 పేజీలకు, 112 పేజీలకు లెక్క సరిగ్గానే వచ్చేది. 6 ఉండాల్సిన చోట 6.0 అని పడుతున్నా ఆ సున్నాను ఎవరూ పట్టించుకోలేదు. సర్దుకోకుండా వచ్చినవాళ్లకు మాత్రం రెండు నెలలు అదనంగా వడ్డించాం. పాత కొటేషన్లన్నీ తిరగేసి, ఎక్కువ తీసుకున్న ప్రతి రూపాయీ వాడు వెనక్కిచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

స్లాష్ పక్కన ఇంకో స్లాష్ పెడితే సరిపోయేది. జంట స్లాష్ అంటే భిన్నం వద్దని అర్థం. అది నిన్న మొన్న వచ్చింది కూడా కాదు, 2001లో వచ్చిన పైథాన్ 2.2 నుంచీ ఉంది. అప్పుడే ఇంకో సదుపాయం కూడా ఇచ్చారు. ఫైలు మొదట్లో ఒక లైను రాసుకుంటే భాగహారం రాబోయే పద్ధతిలోనే జరుగుతుంది. ఆ లైనును తెలుగులో చెప్పుకుంటే 'భవిష్యత్తు నుంచి భాగహారాన్ని దిగుమతి చేసుకో' అని వస్తుంది. ఇంత కవిత్వం ఉన్న లైను ఏ ప్రోగ్రామింగ్ భాషలోనూ నాకు తగల్లేదు. నేను మాత్రం దాన్ని రాయలేదు. పాత కోడును కొత్తదానికి మార్చిపెట్టే 2టు3 అనే పనిముట్టు కూడా స్లాష్‌ల జోలికి వెళ్లేది కాదు. స్లాష్‌కు అటూ ఇటూ ఉన్నవి పూర్ణాంకాలో కాదో దానికేం తెలుసు?

ప్రింట్ అన్న మాటకు బ్రాకెట్లు తప్పనిసరి చేశారని జనం ఏళ్ల తరబడి తిట్టుకున్నారు. నాకు దాని మీద కోపం లేదు. బ్రాకెట్లు లేకపోతే ప్రోగ్రామ్ మొదలే కాదు, ఏ లైన్లో తప్పుందో కూడా అరిచి చెబుతుంది. భయపడాల్సింది నవ్వుతూ 7.25 చేతిలో పెట్టేదానికి.

మరి ఎందుకు మార్చారు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచొచ్చు కదా అంటే, నా వరకు జవాబు అదే ప్రెస్సులో ఉంది. పాత ప్రోగ్రామ్‌లో కస్టమర్ పేరు ఇంగ్లిష్‌లో కొడితే అంతా సవ్యం. తెలుగులో కొట్టి, దాన్ని ఇంకో మాటతో కలపబోతే ఒక్కోసారి కుప్పకూలేది. 'ఆస్కీతో దీన్ని చదవలేను, జీరో ఎక్స్ ఈ జీరో అనే బైటు 128 లోపు లేదు' అని ఏడుపు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఏదైనా మొదటి బైటు అదే. అంటే అ నుంచి ఱ దాకా మొత్తం వర్ణమాల గుమ్మం దగ్గరే ఆగిపోయేదన్నమాట. పైథాన్ 2కు మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరస. 'తెలుగు' పొడవెంత అంటే 18 అనేది. పుస్తకం పేరు పెద్దదైతే నేను ముప్పై దగ్గర కోసేవాణ్ణి. అక్షరానికి మూడేసి బైట్లు కదా, ఇంగ్లిష్ మాటో, ఖాళీయో మధ్యలో ఉంటే ఆ కోత ఒక్కోసారి అక్షరం నడుమ పడి, కొటేషన్లో పేరు చివర ప్రశ్నార్థకం మిగిలేది.

పైథాన్ 3లో స్ట్రింగ్ అంటే యూనికోడ్. 'తెలుగు' పొడవు 6 అంటుంది. మనకు మూడే అక్షరాలు, గుణింతాలను అది విడివిడిగా లెక్కేస్తుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం కూడా దాని లెక్కలో 6. కాబట్టి ఇల్లలకగానే పండగ కాలేదు. అయినా ప్రశ్నార్థకాలు పోయాయి. పీహెచ్‌పీ అనే ఇంకో భాష వాళ్లు ఇదే యూనికోడ్ పనిని 6వ వెర్షన్‌లో తలకెత్తుకుని, మధ్యలో వదిలేసి, 5 నుంచి ఏకంగా 7కి వెళ్లిపోయారు. పైథాన్ వాళ్లు వదల్లేదు. 2008 డిసెంబరు 3న వచ్చిన 3.0, పాతదానితో పొత్తు తెంచుకునే వచ్చింది. పాతదానికి 2015 గడువు పెట్టి, జనం కదలకపోయేసరికి 2020 దాకా పొడిగించారు. పుష్కరానికి ఏడాది తక్కువగా రెండూ పక్కపక్కనే నడిచాయి. జనవరి 1తో సరి అన్నాక కూడా ఆఖరి 2.7.18 ఆ ఏప్రిల్లో వచ్చింది. పెద్దకర్మ అయ్యాక పోస్టులో వచ్చిన వీలునామాలాగా.

కొటేషన్ల సంగతి అలా ఉంచితే, ఆర్డర్ల చిట్టాను 2014లో జాంగో ఫ్రేమ్‌వర్క్‌లోకి ఎక్కించి ఉన్నాను. అక్కడ తీగ లాగితే డొంకంతా కదిలింది. పైథాన్ 2తో నడిచే ఆఖరి జాంగో 1.11. 2017 డిసెంబరులో వచ్చిన 2.0కి పైథాన్ 3 ఉండాల్సిందే. ఇది మారాలంటే అది, అది మారాలంటే ఇంకోటి. దేన్నెప్పుడు ఎక్కించానో చెబితే నాకే ఆవలింతలొస్తాయి. ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. జాంగో 2.0కు వెళ్లగానే అది మొరాయించింది. కస్టమర్‌ను తొలగిస్తే అతని ఆర్డర్లను ఏం చేయాలో నువ్వు రాసి తీరాలంది. అంతకుముందు రాయకపోతే అదే ఊహించుకుని, కస్టమర్‌తోపాటు ఆర్డర్లనూ చప్పుడు లేకుండా చెరిపేసేది.

వాడికి ఫోన్ చేసి అడిగాను, కస్టమర్ పేరు తీసేస్తే ఆర్డర్లు కూడా పోవాలా అని.

"పేరు తీసేస్తే బాకీ పోతుందంట్రా?" అన్నాడు.

తీసేసి ఉంటే ఈ ఏడేళ్లలో ఎప్పుడైనా పోయేదే. వాడికి ఎవరి పేరూ కొట్టేసే అలవాటు లేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు బాకీ ఉన్న పేరును తీయబోతే ప్రోగ్రామ్ ఒప్పుకోదు.

పైథాన్ ఇప్పుడు ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ తెస్తోంది, ఒక్కోదానికి ఐదేళ్ల ఆయుష్షు. మొన్న ప్రెస్సుకు వెళ్లినప్పుడు, గోడ మీద వాళ్లే వేసిన క్యాలెండర్లో అక్టోబరు పేజీ తిప్పి, మనం వాడే వెర్షన్‌కు ఎప్పుడు గడువు తీరుతుందో పెన్సిల్‌తో రాసిపెట్టబోయాను. వాడు నా చేతిలో పెన్సిల్ లాక్కున్నాడు.

"దసరా నుంచి సంక్రాంతి దాకా డైరీలు, క్యాలెండర్ల సీజన్‌రా. ఆ మూడు నెలలూ ఆ కంప్యూటర్ ఛాయలకి రాకు."