హీబ్రూ వాఙ్మయ పరిశోధనము: త్సుంట్సు మొదలు గొయిటైను వఱకు

హీబ్రూభాష యనఁగానే మన పండితులలోఁ బెక్కుమందికి బైబిలు పూర్వభాగము మాత్రమే స్ఫురించును. ఆ గ్రంథముతోడనే యా భాషయు నంతరించెననియు, పందొమ్మిదవ శతాబ్ది చివర దానిని గొందఱు మరల లేపిరనియు నొక యభిప్రాయము మన పాఠశాలలలోఁ గూడ వ్యాపించియున్నది. ఈ యభిప్రాయము మనము కల్పించుకొన్నది గాదు. ఐరోపా విశ్వవిద్యాలయములు మూఁడువందల యేండ్లు నేర్పిన పాఠమే యిది. ఆ పాఠ మెట్లు పుట్టినదో, దానిని దిద్దఁబూనిన యూదపండితు లేమి సాధించిరో, వారిపై వారి వారసులే మోపిన నేర మెంతవఱకు న్యాయమో యీ వ్యాసమున విచారింపఁదలఁచితిని.

1506వ సంవత్సరమున జర్మనుఁడగు రాయిఖ్లిను లాటినుభాషలో హీబ్రూ వ్యాకరణమును నిఘంటువును గూర్చి ప్రకటించెను. యూదుల గ్రంథముల నెల్లఁ దగులఁబెట్టవలెనని కొందఱు చక్రవర్తిని బ్రేరేపింపఁగా, 1510లో వలదని వ్రాసి యిచ్చినవాఁడును నీతఁడే. ఎనిమిదవ హెన్రీ రాజు కేంబ్రిడ్జిలో 1540లోను, ఆక్సుఫర్డులో 1546లోను హీబ్రూ ఆచార్యపీఠములను నెలకొల్పెను. ఇవి క్రైస్తవ మతశాస్త్రమునకుఁ బరిచారికలు. ఆక్సుఫర్డు పీఠమునకు దేవాలయ పదవి యొకటి యంటఁగట్టఁబడియే యుండెను. యూదుఁ డా పీఠ మెక్కుట యటుండఁగా, ఆ రెండు చోట్లఁ బట్టము పొందుటకైనను 1854, 1856 సంవత్సరముల శాసనములు రావలసివచ్చెను. జర్మనీలో హాలె నగరాచార్యుఁడగు గెసేనియసు 1813లోఁ బ్రకటించిన వ్యాకరణము నేఁటికిని విద్యార్థుల చేతఁ గలదు. అట్టి గ్రంథమును జిన్నచూపు చూచువాఁడు భాషాశాస్త్ర మెఱుఁగనివాఁడే. కాని యందుఁ గల హీబ్రూ బైబిలు హీబ్రూ. దాని తరువాతి మిష్నా ధర్మసంహిత, స్పెయినుదేశపు కవులు, వైద్యులు, వర్తకుల లేఖలు, శ్మశానశాసనములు, ఇవి యెవ్వియు విశ్వవిద్యాలయమునకుఁ బనికివచ్చిన వస్తువులు గావయ్యెను. భాష పీఠమెక్కెను, ఆ భాషను వాడిన జనము వీధిలోనే నిలిచెను.

లియొపోల్డు త్సుంట్సు 1794లో డెట్మోల్డు పురమునఁ బుట్టెను. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే, 1818లో, రబ్బీల వాఙ్మయమును గూర్చి యొక చిన్న పుస్తకమును బ్రకటించెను. (రబ్బీ యనఁగా యూదుల ధర్మశాస్త్రోపాధ్యాయుఁడు.) యూదులు వ్రాసినదెల్ల మతము గాదు, అందు ఖగోళము, వైద్యము, న్యాయము, వాణిజ్యము, కవిత్వము గలవు, వీని నన్నిటిని గ్రీకు లాటిను గ్రంథములను శోధించు పద్ధతినే శోధింపవలెనని యాతని వాదము. కారణముగాఁ జెప్పినమాట యొకటి మిక్కిలి గమనింపఁదగినది. తనకాలపు యూదులు జర్మనుభాష నాత్రముతో నభ్యసించుచుఁ దమ హీబ్రూ రచనలకుఁ దామే గోరి కట్టుచున్నారు. నూఱేండ్లకు గ్రంథములు దొరకుటయే యరుదగును. కావున లెక్క నేఁడే చూచుకొనవలయును అని యాతఁడు తలఁచెను. ఈ గోరిమాట తరువాత నాతని మెడకే చుట్టుకొన్నది.

మఱుసటి యేఁడే కొందఱు యువకులు యూద సంస్కృతి శాస్త్రముల కొఱకు బెర్లినులో నొక సంఘమును స్థాపించిరి. న్యాయశాస్త్రజ్ఞుఁడగు గాన్సు దాని కధ్యక్షుఁడు. కవి హైనె కొంతకాల మందు సభ్యుఁడు. సంఘము 1824లో నణఁగిపోయెను. 1825లో గాన్సును హైనెయు నిరువురును క్రైస్తవులైరి. గాన్సునకుఁ బిమ్మట విశ్వవిద్యాలయమునఁ బీఠము లభించెను. త్సుంట్సు మాఱలేదు, పీఠమును రాలేదు. ఆతఁడు పత్రికా రచనయు, పాఠశాల యుద్యోగమును జేసికొనుచు బ్రదికెను.

ఆతని రెండు గ్రంథములను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. 1823లోఁ బ్రష్యా రాజు యూదుల ప్రార్థనామందిరములలో జర్మనుభాషా ప్రసంగములను నిషేధించెను. అవి పూర్వాచారమునకు విరుద్ధములగు కొత్తపోకడలని సాకు. త్సుంట్సు 1832లో యూదుల ప్రార్థనాప్రసంగముల చరిత్రమును బ్రకటించి, జనులకుఁ దెలియు భాషలో శాస్త్రార్థమును విప్పిచెప్పుట ప్రాచీనకాలమునుండి వచ్చుచున్న సంప్రదాయమేయని, మిద్రాషు వ్యాఖ్యానములను, అరమేయిక భాషాంతరములను గాలానుక్రమమునఁ బేర్చి నిరూపించెను. ప్రాచీన గ్రంథముల పొరలను విడఁదీసి కాలనిర్ణయము చేయు కళ యందు నీ గ్రంథమునకు సాటివచ్చునవి యా శతాబ్దమున నరుదు. 1836లో మఱొక యాజ్ఞ పుట్టెను. యూదులు క్రైస్తవుల పేళ్లు పెట్టుకొనరాదట! బెర్లిను యూదసమాజము కోరఁగా త్సుంట్సు 1837లో యూదుల పేళ్లను గూర్చి చిన్న గ్రంథము వ్రాసి, అలెగ్జాండరు, ఆంటిగొనసు వంటి గ్రీకు నామములు ధర్మశాస్త్ర గురువులలోనే కలవనియు, ఏ దేశమున నున్న యూదులు ఆ దేశపు పేళ్లను బెట్టుకొనుచునే వచ్చిరనియుఁ జూపెను. తాళపత్రముల ధూళి దులుపుట లోకమున కేమి యుపయోగమని మనల నడుగువారికి నీ రెండు గ్రంథములను జూపవచ్చును. కేవల పాండిత్యమే యిచ్చటఁ బసిబిడ్డ పేరునకుఁ గావలి గాచినది.

1848లో త్సుంట్సు యూదచరిత్ర వాఙ్మయముల కొక పీఠము నొసఁగుఁడని ప్రభుత్వమునకు విన్నవించెను. బెర్లిను విశ్వవిద్యాలయ పండితసభ నిరాకరించెను. యూదుల వేర్పాటును బోషించుట విశ్వవిద్యాలయము పని గాదనియు, ఆ చరిత్రమునకు సామాన్య చరిత్రలోఁ జోటు గలదనియు వారి సమాధానము. చోటు గలదనిరి గాని యా చోట నెవ్వరును బాఠము చెప్పలేదు. దేశీయులే తమ భాషను బోధించినఁ బక్షపాతమనియు, పరులు బోధించిన శాస్త్రమనియుఁ దలఁచు నీ రీతి బెర్లినునకు మాత్రమే చెందినది గాదు.

పీఠములేని పాండిత్య మెట్లు నడచినదో రెండుదృష్టాంతములు చాలును. సాలొమోను మూంకు స్వదేశమున నాశలేక పారిసు చేరెను. మధ్యయుగపు క్రైస్తవ తార్కికులు మాటిమాటికిఁ బేర్కొను 'అవిసెబ్రొను' అరబ్బోయో క్రైస్తవుఁడో యని తలఁచుచుండఁగా, 1846లో నీతఁ డొక హీబ్రూ వ్రాతప్రతిలోని సంగ్రహమును లాటిను గ్రంథముతోఁ బోల్చి, ఆ దార్శనికుఁడు పదునొకండవ శతాబ్దపు హీబ్రూకవి సొలొమోను ఇబ్ను గబిరోలే యని తేల్చెను. ప్రార్థనలలోఁ బద్యములు పాడఁబడుచున్న కవియే ఐరోపా తర్కమునకు గురువులలో నొకఁడని యందువలనఁ దెలిసెను. చూపు పోయిన పిదప, 1864లో, రెనాను తొలఁగింపఁబడిన హీబ్రూ పీఠ మీతనికి లభించెను.

మోరిట్సు స్టైన్‌ష్నైడరు మఱియు మొండివాఁడు. యూదశాస్త్రమునకుఁ దగినచోటు విశ్వవిద్యాలయమేయని నమ్మి, రబ్బీలఁ దయారుచేయు కళాశాలల పదవులను నిరాకరించెను. బెర్లిను గ్రంథాలయమున సహాయకుఁడుగాఁ బనిచేసెను. మధ్యయుగ హీబ్రూ భాషాంతరములపై నాతఁడు 1893లోఁ బ్రకటించిన గ్రంథము మనకుఁ బరాయిది గాదు. మన పంచతంత్రము పహ్లవీభాషలోనికిని, అందుండి అరబ్బీలోనికిని, అరబ్బీనుండి హీబ్రూలోనికిని బోయి, పదుమూఁడవ శతాబ్దమున హీబ్రూనుండి జాను అను కాపువా పురవాసిచే లాటినున కెక్కి ఐరోపా యంతట వ్యాపించెను. చిన్నయసూరి నీతిచంద్రికలో మన బాలురు చదువు కరటకదమనకులు కలీలా దిమ్నాలై యా దారినే నడచిరి. ఇట్టి దారుల నెల్ల నెత్తిచూపిన యీ గ్రంథము చదువుట కింపైనది గాదు. పట్టికయే దాని శైలి. కాని యా పట్టికలేనిదే తరువాతివారు రెండడుగులు వేయలేరు.

ఇంక దూషణమునకు వత్తము. బెర్లినులోఁ బుట్టి 1923లో యెరూషలేము చేరిన గేర్షోము షోలెము 1944లో హీబ్రూలో నొక వ్యాసము వ్రాసి, త్సుంట్సును స్టైన్‌ష్నైడరును గోరీలు త్రవ్వువారితోఁ బోల్చెను. వీరు జీవించుచున్న జాతిని శవమని యెంచి చక్కఁగా సంస్కరింపఁజూచిరనియు, మార్మిక సంప్రదాయమగు కబ్బాలాను సిగ్గుపడి దాఁచిరనియు నాతని యారోపణము. రెండవభాగము న్యాయమే. మహాచరిత్రకారుఁడైన గ్రెట్సు కబ్బాలా గ్రంథములనుగూర్చి వ్రాసిన పుటలలో విచారణకంటె నసహ్య మెక్కువ. తూర్పు ఐరోపా యూదుల యిడ్డిషు భాషయన్నను నాతనికిఁ జులకన. సంస్కారవంతుల యెదుటఁ దమ యింటి ముసలివారిని గదిలోఁ బెట్టి తలుపు వేయుటవంటి దిది. ఆ తలుపు తెఱచిన కీర్తి షోలెమునదే. ఐరోపాలో యూదులు లక్షలుగాఁ జంపఁబడుచుండ వ్రాసిన వ్యాసము గావున దానిలోని కోపమును మనము తూకము వేయుటకు సంకోచింపవలెను.

అయినను మొదటిభాగమును నే నొప్పుకొనను. పసిబిడ్డల పేళ్లకై వాదించినవాఁడు శవసంస్కర్త యెట్లగును? నిరాకరింపఁబడినవాఁడు తన వస్తువు నిష్పాక్షిక శాస్త్రమని పదేపదే చెప్పుకొనవలసివచ్చెను. ఆ చెప్పుకొనుటలోఁ గొంత ప్రాణము పోయినమాట నిజము. ఆ దోషము త్రవ్వినవానిది సగమేని, తలుపు మూసినవానిది తక్కిన సగము. షోలెమునకు 1925లోఁ దెఱవఁబడిన హీబ్రూ విశ్వవిద్యాలయ ముండెను. త్సుంట్సునకు బాడుగ గది యుండెను. ఆ క్రొత్త విద్యాలయమునను బాత దోషములు పోలేదని షోలెమే యా వ్యాసమున నొప్పుకొన్నాఁడు. అదే దశాబ్దమున అమెరికాలో హార్వర్డునందు 1925లోను, కొలంబియాయందు 1930లోను బీఠములు వెలసినవి. కొలంబియాలోని సాలో బారను యూదచరిత్ర కన్నీటిధార మాత్రమే కాదని 1928లోనే వ్రాసెను. జర్మనీలోని బ్రెస్లౌ కళాశాల 1938లోను, బెర్లిను కళాశాల 1942లోను మూయింపఁబడినవి.

షోలెముతో నొకే యోడలో 1923లోఁ బ్రయాణము చేసిన మఱొక జర్మను యూదుఁడు గొయిటైను. షోలెము ప్రశ్నకు నిజమైన ప్రత్యుత్తర మీతని గ్రంథములందుఁ గలదని నా మతము. దైవనామము వ్రాసిన కాగితమును బాఱవేయరాదని యూదుల యాచారము. శిథిలపత్రముల నొక గదిలో వైతురు. దానికి గెనిజా యని పేరు. మనవారు జీర్ణపత్రములను నదిలో విడుచునట్టిదే యీ భావము; భేద మేమనఁగా నది దాఁచియుంచదు. ప్రాతకైరో యందలి ప్రార్థనామందిరపు గెనిజానుండి షెఖ్టరు 1897లోఁ గేంబ్రిడ్జికిఁ దెచ్చిన ముక్కలు సుమారు 1,93,000. తొలితరమువారు వానిలోఁ బవిత్రగ్రంథముల పాఠములను, కవుల రచనలను వెదకిరి. వర్తకుల లేఖలకు నంత యాదరము లేకపోయెను. కొన్ని పెట్టెలు 1950 తరువాతి దశాబ్దము వఱకు వర్గీకరింపఁబడక పడియుండెను. హీబ్రూలిపిలో అరబ్బీభాష వ్రాసిన యా లేఖలను చదువుటకు రెండువాఙ్మయములు కావలెను. గొయిటైను వానినుండి బియ్యము ధర, అల్లుని పోరు, వైద్యుని ఖాతా, విడువఁబడిన భార్య మొఱ యేఱి, మధ్యధరా సమాజమును గూర్చి యైదు సంపుటములు 1967 మొదలు 1988 వఱకు వెలువరించెను. చివరిది వెలువడునప్పటికి నాతఁడు లేఁడు.

ఈ గ్రంథమునకు దోషములు లేకపోలేదు. వర్తకుల సౌజన్యమును గొయిటైను కొంచె మెక్కువగా నమ్మును. మోసము కనఁబడినచోట సైతము స్నేహమును జూచును. బానిసలను గూర్చిన ప్రకరణము మఱింత కఠినముగా నుండవలసినది. అయినను బండితుఁ డొక పేరు నెత్తిచదువుట యన నేమో తెలిసికొనఁగోరువా రీతని భారత వర్తకుల పత్రములను జూడవలెను. అవి ఫ్రీడుమను కృషితో 2008లో నాంగ్లమున వెలువడినవి. ఆఫ్రికా తీరమునుండి వచ్చిన అబ్రహాము బెన్ యీజు యను వర్తకుఁడు పండ్రెండవ శతాబ్దమునఁ బదునేడేండ్లకుఁ దక్కువగాక మన పడమటితీరమున నుండి కంచుపాత్రలు చేయించెను. ఇట్టి సంపర్క మంతకంటెఁ బూర్వమును గలదనుటకు బైబిలులోని 'తుక్కీ' యను పక్షినామమును, అరవమున నెమలిపురికిఁ గల 'తోకై' యను పదముతో (మన 'తోక'యు దాని చుట్టమే) కాల్డ్వెలు పోల్చియున్నాఁడు. పోలిక యింపైనది, నిర్ణీతమని మాత్రము చెప్పరాదు. బెన్ యీజు పత్రము లట్టి యూహలు గావు. 1132 అక్టోబరు 17వ తేదీని మంగళూరులో నాతఁడు వ్రాసిన దాస్యవిముక్తి పత్ర మొకటి చినిఁగినదైనను దొరకినది. విడుదల పొందిన స్త్రీ మనదేశీయురాలు; ఆమె నాతఁడు పెండ్లాడెనని పరిశోధకుల యూహ. అందామె పేరు ఆషు. దానిప్రక్కనే, ఆశీర్వాద మను నర్థమిచ్చు 'బెరాఖా' యను హీబ్రూ పేరును వ్రాయఁబడియున్నది.